పెట్రోల్ కు పది రూపాయలు

మా ఖాందాన్‌లో మొదటి కారు కొన్నది నేనే. మా దాదా కర్నూల్లో జట్కా తోలారు. ఆ జట్కా కూడా సొంతం కాదు, సేఠ్ దగ్గర రోజు కిరాయికి తెచ్చుకునేవారట. అబ్బా ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో డ్రైవరు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటులో ఎన్ని వేలసార్లు స్టీరింగు తిప్పారో ఆయనకే లెక్క తెలీదు. రెండు తరాలుగా మావాళ్లు ఊరందర్నీ మోశారు గానీ, మా ఇంటి ముందర మాదీ అని నిలబడిన బండి లేదు. అబ్బా సైకిలు తప్ప.

2006లో నేను ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కల టీచర్ని. ఓ రోజు స్టాఫ్‌రూముకి లోన్ ఏజెంటు ఒకతను వచ్చి, జీతం స్లిప్పు ఇస్తే చాలు సార్, వారంలో కొత్త కారు మీ ఇంటి ముందుంటుంది అన్నాడు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మెల్లగా సంగతి కదిపాను. అబ్బా తింటున్న చెయ్యి ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"సూద్ ఉందా?"

"అందరూ అట్లాగే కొంటున్నారు అబ్బా."

"అందరి సంగతి నేను అడగలేదు. సూద్ పైసలతో వచ్చిన బండిలో నేను కూర్చోను. నువ్వు కొనుక్కో, పెళ్లాం పిల్లల్ని తిప్పుకో, నేను వద్దనను. నన్ను మాత్రం ఎక్కమనొద్దు."

అంతే, ఇంకో మాట లేదు. ఆయన కోప్పడి ఉంటే నేనూ ఎదురు మాట్లాడేవాడిని. కోప్పడలేదు కాబట్టి ఆ కాగితాలు మర్నాడు చించేశాను. చించేటప్పుడు లోపల తిట్టుకున్నాను కూడా, అది దాచను.

తర్వాత ఏడాదికి డబ్బు ఇట్లా కుదిరింది. స్కూల్లో టీచర్లం కలిసి వేసుకునే చీటీ ఉండేది. వేలం పాట లేదు, పేర్లు రాసి డబ్బాలో వేసి తీసే చీటీ, కాబట్టి అబ్బాకి అభ్యంతరం లేదు. అది నా పేరు మీద వచ్చింది. ముప్పై నాలుగు వేలు. ఇంకో నలభై వేలు మా ఆపా ఇచ్చింది, ఖర్జె హసనాగా. ఎక్కణ్ణుంచి తెచ్చావంటే చెప్పలేదు. ఈద్‌కి వచ్చినప్పుడు ఆమె కుడి చేతికి గాజుపూసల గాజులు చూసి అర్థమైంది. రెండు బంగారు గాజులు అమ్మేసింది. కుదువ పెడితే సూద్ పడుతుందని అమ్మేసింది! నెలకి పదిహేను వందలు తీర్చేట్టు మాట. రాసుకోవడాలూ సాక్షులూ ఏమీ లేవు, అమ్మీ ముందర చెప్పుకున్నాం, అంతే.

అట్లా డిసెంబరులో మారుతి 800 ఇంటికి వచ్చింది. తెల్లది, 1998 మోడలు, ఏపీ 21 నెంబరు, అరవై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగింది. రిటైరయిన ఒక డాక్టరుగారిది. డెబ్బై నాలుగు వేలు. ఏసీ లేదు. చలికాలం పొద్దున చోక్ లాగితే గానీ స్టార్టయ్యేది కాదు. అయినా నా కంటికి అది పెళ్లికూతురే.

అమ్మీ ఇమామ్ జామిన్ కుట్టి లోపలి అద్దానికి కట్టింది. "బండి ఏమన్నా హజ్‌కి పోతుందా?" అని అబ్బా నవ్వారు. సద్ఖా కింద కోడిని కోసి పంచారు. పక్కింటి నానీమా కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏదో చదివి, మూడు వైపులా ఊదింది. నాలుగో వైపు గోడ అడ్డం వచ్చింది. మా గల్లీ వెడల్పు అంత!

ఆమె నాకు వరసకి నానీ కాదు. మొహల్లా మొత్తానికి నానీమా. ఖాయిదా పుస్తకంలో అలిఫ్ బే దగ్గర్నుంచి ఖురాన్ ఖతమ్ దాకా మా గల్లీ పిల్లలందరం ఆమె ముందర చాప మీద కూర్చుని చదివిన వాళ్లమే. నా చెవి ఎన్నిసార్లు మెలిపెట్టిందో! కూతురు చిన్న వయసులోనే పోయింది. ఆ కూతురి కొడుకు హైదరాబాదులో ఏసీ రిపేరు పని చేసేవాడు. ఇక్కడ ఆమె ఒక్కతే.

డ్రైవింగు అబ్బానే నేర్పారు. ఫజర్ నమాజు కాగానే ఉస్మానియా కాలేజీ గ్రౌండుకి పోయేవాళ్లం. ముప్పై రెండేళ్ల ఆర్టీసీ పక్క సీట్లో కూర్చుంటే ఎట్లా ఉంటుందో మీరు ఊహించుకోండి. ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉండేది. "క్యా రే, క్లచ్ మీద కాలు పెట్టి నిద్రపోతున్నావా? తియ్!" అనేవారు. గేరు గరగరమంటే తన పళ్లు నూరినట్టు ముఖం పెట్టేవారు. "నాలుగే గేర్లు, దీనికే ఇంత యుద్ధమా?" కొంచెం స్పీడు పెంచితే "హల్లూ, బేటా, హల్లూ." ఒక సంగతి మాత్రం రోజూ చెప్పేవారు. బండి ఎక్కగానే ముందు చూడాల్సింది అద్దం కాదు, పెట్రోలు ముల్లు. ఘాటులో డీజిల్ అయిపోయి అరవై మంది పాసింజర్లతో రాత్రంతా అడవిలో కూర్చున్న కథ ఆయనకి ఒకటి ఉంది. అది వందసార్లు విన్నాను.

ఆ కారు కథలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. రమ్‌జాన్ ఈద్ నాడు తొమ్మిది మందిమి ఎక్కి ఈద్‌గాహ్‌కి పోయాం. మొహల్లాలో నాలుగు షాదీలకి దుల్హాలు అందులోనే కూర్చున్నారు. కడప పెద్ద దర్గాకి అమ్మీని తీసుకుపోతుంటే ఆళ్లగడ్డ దాటాక రేడియేటరు పొగలు కక్కింది. దర్గాలంటే అబ్బాకి పెద్ద ఇష్టం ఉండదు. కాబట్టి ఆ సఫర్ ఇంట్లో ఈరోజుకీ 'కడపలో ఖాలా ఇంటికి పోవడం'గానే చెలామణీలో ఉంది.

నాకు ఆ బండి అంటే గర్వం. ఒక్క పైసా సూద్ లేని బండి. స్టాఫ్‌రూములో లోన్ కార్ల వాళ్ల ముందర ఆ మాట ఎన్నిసార్లు అన్నానో! ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా. నాది పాక్ సాఫ్ బండి అని నా ఘమండ్.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నేళ్లూ దాటేస్తూ వచ్చింది ఇదే.

2009. ఆ ఏడు సెప్టెంబరు 21న ఈద్. పది రోజులకే వానలు పట్టుకున్నాయి. కర్నూలు పాతబస్తీ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, మధ్యలో మేము. కింద శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఆ రోజుల్లో నీళ్లు అదీ దాటి నిలబడ్డాయి. పైనుంచి వచ్చే నీళ్లు ఎక్కడికని పోతాయి? ఊరి మీదికే.

అక్టోబరు 2, శుక్రవారం. పొద్దున మా గల్లీలో మోరీల్లోంచి నీళ్లు వెనక్కి తన్నడం మొదలయ్యింది. అబ్బా అది చూసి ఒకటే అన్నారు, "ఇది వాన నీళ్లు కాదు, ఏరు." ఆడవాళ్లనీ పిల్లల్నీ ఆపా ఇంటికి చేర్చమన్నారు. ఆపా ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. అమ్మీ, మా ఆవిడ, పిల్లలిద్దరు, పిల్లల బట్టల మూటలు, అమ్మీ ఒళ్లో ఖురాన్. బండి నిండిపోయింది. ముందు సీట్లో అబ్బాకి జాగా ఉంది, ఆయన ఎక్కలేదు. వెనకింటి బాలింతనీ ఆమె బిడ్డనీ కూర్చోబెట్టారు.

నానీమా గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన చిన్న రేకు పెట్టె.

"నేనూ రానా బేటా?"

"ఇదిగో, దించేసి వెంటనే వస్తాను నానీమా. పెట్టె కూడా తీసుకుపోదాం."

"ఇన్షా అల్లాహ్" అని పెట్టె మీద కూర్చుంది.

వాళ్లని దించి వెనక్కి వచ్చాను. మా మొహల్లాలోకి దిగే చోట పల్లం ఒకటి ఉంది. అక్కడ మోకాలి లోతు వచ్చేసింది. బండి ఆపి చూశాను. సైలెన్సరులోకి నీళ్లు పోతే ఇంజను పోయినట్టే. నాకు ఆ క్షణం గుర్తొచ్చింది ఎవరనుకున్నారు? ఆపా గాజులు. ఇంకా ఏడు వేలు బాకీ ఉంది. బండి మునిగితే ఆపా గాజులు మునిగినట్టే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నా కళ్ల ముందరే ఒక ఆటో ఆ నీళ్లలోంచి ఊగుతూ అవతలికి పోయింది. పోవచ్చు అని నాకు తెలుసు.

ఫోను మోగింది. అబ్బా.

"ఎక్కడున్నావ్? నానీమా, ఇంకో ముగ్గురు తయారుగా ఉన్నారు. జల్దీ రా."

"అబ్బా, పెట్రోలు అయిపోయింది. బండి కదలడం లేదు."

నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో! ముందుగా అనుకున్నది కాదు. వచ్చేసింది.

అటునుంచి కాసేపు మాట లేదు. వెనక ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు.

"అచ్ఛా బేటా" అన్నారు అబ్బా. పెట్టేశారు.

నేను బండి తిప్పుకుని ఎత్తుకి వెళ్లిపోయాను. అబ్బా ఏరీ అని మా ఆవిడ అడిగింది. పెట్రోలు అయిపోయింది అన్నాను. ఒకసారి చెప్పాక రెండోసారి కష్టం కాలేదు. మరి ఇంతదూరం ఎట్లా వచ్చావని అడగాలని ఆ గాభరాలో ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నానికి ఆ పల్లంలో కారు కాదు, ఏనుగు కూడా దిగే వీలు లేదు. ఫోన్లు పోయాయి. కరెంటు పోయింది. జుమ్మా ఎక్కడ చదివానో, చదివానో లేదో కూడా సరిగ్గా గుర్తు లేదు. రెండు రాత్రులు ఆపా ఇంటి చూరు కింద ఆ తెల్ల బండి పొడిగా నిలబడి ఉంది. నేను దాని వైపు చూడలేకపోయాను.

ఆదివారం అబ్బా వచ్చారు. మోకాళ్ల దాకా బురద, చేతిలో చెప్పులు. "అందరూ క్షేమం, అల్హమ్దులిల్లాహ్" అన్నారు. మసీదు డాబా మీద ఇరవై మంది దాకా ఉన్నారట. నానీమాని తన వీపు మీద ఎక్కించుకుని ఆ ఇరుకు మెట్లు ఎక్కింది అబ్బానే. అప్పటికి ఆయన వయసు అరవై నాలుగు. ఆరోజు పట్టిన నడుము ఇక వదల్లేదు, పోయేదాకా. నమాజు కూడా కుర్చీలోకి మారింది.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. బానెట్ మీద చెయ్యి వేశారు. "చాయ్ పెట్టమ్మా" అన్నారు ఆపాతో.

నానీమా బతికింది. పెట్టె మాత్రం దక్కలేదు. వీపు మీద మనిషినే ఎక్కించగలరు, పెట్టెని కాదు కదా. మా ఇళ్లల్లో బురద ఎత్తిపోసేటప్పుడు ఆ పెట్టె రెండు ఇళ్ల అవతల దొరికింది, మూత లేకుండా. అందులో ఏముందో అప్పుడు తెలిసింది. ఆమె కఫన్. ఎవరో హజ్‌కి పోయినప్పుడు డబ్బులిచ్చి పంపి, జమ్‌జమ్ నీళ్లలో తడిపి ఆరబెట్టి తెప్పించుకున్న గుడ్డ. పదిహేనేళ్లుగా దాచుకుంటోంది. ఆ బట్టని ఆడవాళ్లు ఎన్నిసార్లు ఉతికినా మట్టి రంగు పోలేదు. "అల్లా మర్జీ" అంది నానీమా. ఆ ముక్క విని నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను. అల్లా మర్జీనా, నా పెట్రోలా?

మొహల్లాలో బండ్లన్నీ పోయాయి. ఆటోలు, స్కూటర్లు, ఒకాయన కొత్త వ్యాను. దక్కింది నాది ఒక్కటే. మాషాఅల్లా, హలాల్ పైసలు కాబట్టి దక్కింది అని మసీదులో ఒక పెద్దాయన అందరి ముందర అన్నాడు. అబ్బా పక్కనే ఉన్నారు. తస్బీ తిప్పుకుంటూ ఉన్నారు.

రెండు వారాల తర్వాత బండి లోపల శుభ్రం చేస్తూ డాష్‌బోర్డు డబ్బా తెరిచాను. ఇన్సూరెన్సు కాగితాల మధ్యలో పెట్రోలు బంకు చీటీ. ఐదు లీటర్లు. తేదీ 1-10-2009. గురువారం సాయంత్రం వాన ముదురుతుంటే, అలవాటు కొద్దీ అబ్బానే బండి తీసుకుపోయి కొట్టించుకొచ్చారు. నాకు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

అంటే ఫోనులో "అచ్ఛా బేటా" అన్నప్పుడే ఆయనకి తెలుసు.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. బండి ఎక్కడం మానలేదు. ఎక్కగానే మాత్రం ముల్లు ఉన్న అద్దం మీద వేలితో ఒకసారి తట్టేవారు, టక్ మని. పాత డ్రైవర్ల అలవాటే, ముల్లు ఇరుక్కుందేమో చూడటానికి తడతారు. ఇదివరకు కూడా తట్టేవారేమో. నాకు ఆ చప్పుడు ఆ తర్వాతనే వినిపించడం మొదలయ్యింది.

నానీమా సంగతి ఇంకోరకం. నెలకోసారి బీపీ మాత్రలకి ఆస్పత్రికి తీసుకుపోయేవాణ్ణి. దిగేటప్పుడు ప్రతిసారీ దుపట్టా కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు తీసేది.

"రఖ్ లే బేటా, పెట్రోల్ కు."

"వద్దు నానీమా."

"ఉండనీ. ఆ రోజు పెట్రోలు లేక నువ్వెంత తల్లడిల్లిపోయావో పాపం. మీ అబ్బా చెప్పాడు, వాడు రావాలనే చూశాడు, పెట్రోలు లేకపోయిందీ అని."

అబ్బా చెప్పారట. జీవితంలో అబద్ధం ఆడగా నేను చూడని మనిషి. నా కోసం ఆడారు.

ఆ నోట్లు ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. పారెయ్యలేను, పంచలేను. ఆ బంకు చీటీతో పాటే డాష్‌బోర్డు డబ్బాలో పెడుతూ పోయాను. 2011లో ఆమె మనవడు నానీమాని హైదరాబాదు తీసుకుపోయాడు. అప్పటికి పదిహేడు నోట్లు అయ్యాయి. ఆపా బాకీ ఆ ముందటేడే, ఫిబ్రవరిలో తీరిపోయింది. తీరిన రోజు స్వీటు కూడా పంచాను. ఒక బాకీ తీరిందని. 2012లో బండి ముప్పై ఆరు వేలకి అమ్మేశాను. నోట్లు కవర్లో పెట్టి బీరువాలో దాచాను.

2013 రమ్‌జాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక అబ్బా, నేనూ వరండాలో కూర్చున్నాం. ఆయన నడుముకి దిండు సర్దుతూ ఉండగా నోరు తెరుచుకుంది.

"అబ్బా, ఆ రోజు బండిలో పెట్రోలు ఉండింది."

"ఐదు లీటర్లు" అన్నారు. కాసేపయ్యాక, "నానీమాకి చెప్పావా?"

"లేదు."

"నా దగ్గర చెప్తే ఏం లాభం? నా హఖ్ నేను ఎప్పుడో మాఫ్ చేశాను. ఆమెది ఆమే చెయ్యాల. హుఖూఖుల్ ఇబాద్ రా. అల్లా తన హఖ్ మాఫ్ చేస్తాడు. మనుషుల హఖ్ మనుషుల దగ్గరే అడగాల. పో, పోయి చెప్పు."

పోతాను అన్నాను. హైదరాబాదు ఎంత దూరం? రెండు వందల కిలోమీటర్ల చిల్లర. నాలుగు గంటల బస్సు. ఈద్ కానీ అనుకున్నాను. బక్రీద్ కానీ. పరీక్షల పేపర్లు దిద్దడం కానీ. జనవరిలో మారుతి 800 తయారీ ఆపేశారని పేపర్లో చదివి ఇంట్లో అందరికీ చూపించాను, దాని గురించి అరగంట మాట్లాడాను కూడా. అంత తీరిక ఉండింది నాకు. ఆ తర్వాత నెల తిరక్కుండానే నానీమా పోయిందని ఫోను వచ్చింది.

జనాజాకి పోయాను. మట్టి ఇచ్చాను. కఫన్ మామూలుగా బజార్లో దొరికే తెల్లగుడ్డ.

అబ్బా 2016లో పోయారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా, నేనూ.

పోయినేడు నానీమా మనవడు ఒక వలీమాకి కర్నూలు వచ్చాడు. ఇప్పుడు సొంతంగా ఏసీల షాపు, సొంత కారు. ఆ కవరు జేబులో పెట్టుకుపోయి అతని చేతిలో పెట్టాను. తీసి చూశాడు. పదిహేడు పాత పది రూపాయల నోట్లు, నాలుగు మడతల గీతలతో.

"ఇవేంటి భాయ్?"

"మీ నానీమావి. నా దగ్గర ఉండిపోయాయి."

"నూట డెబ్బై రూపాయలకి ఇన్నేళ్లు గుర్తు పెట్టుకున్నారా?" అని నవ్వి, నన్ను అలాయి బలాయి చేసుకున్నాడు. ఒక నోటు నిషానీగా పర్సులో పెట్టుకుని మిగతావి మసీదు చందా డబ్బాలో వేశాడు. చుట్టూ జనం. బిర్యానీ పొగలు. నేను చెప్పాల్సింది గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

వారిసుల దగ్గర మాఫీ అడిగితే చెల్లుతుందా అని ఒక మౌలానాని అడిగాను, ఎవరి సంగతో చెప్పకుండా. ముందు అడుగు, ఆమె కోసం దువా చెయ్యి, సద్ఖా ఇవ్వు అన్నారాయన. దువా చేస్తున్నాను. సద్ఖా ఇస్తున్నాను. మిగిలింది మొదటిదే.

నేను రాసేవి అతను చదువుతాడు. ఇదీ చదువుతాడు. ఫోను చేస్తే ఎత్తుతాను.